యజమాని మారితే కథకుడు మారతాడా?
జహనుమా నుంచి టెలివిజన్ వార్తలు

జహనుమా అంటే లోకాన్ని చూపించేది అని అర్థం. పాతబస్తీ దక్షిణాన, శంషీర్‌గంజ్ దాటి ఫలక్‌నుమా వైపు పోయే దారిలో ఉన్న బస్తీ అది. నవాబుల కాలంలో ఎవరి విలాసానికో పెట్టిన పేరు ఇవాళ ఆటో నడిపేవాళ్ళూ, వెల్డింగ్ షాపుల్లో పనిచేసే పిల్లలూ, ఇంట్లోనే జర్దోజీ పని చేసుకునే ఆడవాళ్ళూ బతికే ఇరుకు గల్లీలకు మిగిలింది. ఈ బస్తీకి లోకాన్ని చూపిస్తున్నది ఇప్పుడు టెలివిజన్. లోకానికి ఈ బస్తీని చూపిస్తున్నదీ అదే. ఈ రెండో పని ఎట్లా జరుగుతోంది అన్నదే ఈ వ్యాసంలో విషయం.

ఈమధ్య అక్కడొక చాయ్ హోటల్లో కూర్చున్నాను. గోడమీద టెలివిజన్‌లో తెలుగు వార్తలు వస్తున్నాయి. తెరమీద పోలీసుల సోదాలు, వరసగా నిలబెట్టిన మోటారు సైకిళ్ళు, ముఖాలు దాచుకుంటున్న కుర్రాళ్ళు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దమనిషి ఛానల్ మార్చాడు. అక్కడా అవే మోటారు సైకిళ్ళు. మూడోసారి మార్చి రిమోటు పక్కన పడేసి, “ఛానలాఁ బహుత్ హై సాబ్, బాత్ ఏకీచ్ హై” అన్నాడు. ఛానళ్ళు బోలెడు, మాట మాత్రం ఒకటే అని. మనం పేజీల కొద్దీ రాసే విమర్శ ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. అయితే మాట ఎందుకు ఒకటే అవుతోందో చెప్పాల్సిన బాధ్యత విమర్శకులది.

మన సభల్లో టెలివిజన్ వార్తల ప్రస్తావన వచ్చినప్పుడల్లా రెండు ధోరణులు కనిపిస్తాయి. అదంతా చెత్త, సాహిత్య విమర్శ పట్టించుకోదగిన వస్తువు కాదు అనేది మొదటిది. యజమాని ఎవరో చెబితే చాలు, వార్త ఏమిటో దానంతటదే తెలిసిపోతుంది అనేది రెండోది. మొదటి ధోరణి అహంకారం. నవల చదివేవాళ్ళ కంటే వార్తలు చూసేవాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువ. వాళ్ళ మనసుల్లో మనుషుల బొమ్మలు గీస్తున్న కథనాన్ని వదిలేసి విమర్శ ఏం సాధిస్తుంది? రెండో ధోరణి తప్పు కాదు, కానీ సగం. ఆ మిగతా సగం గురించే నా వాదన.

ముందు యజమానుల సంగతి చూద్దాం. హైదరాబాదులో ప్రసార యంత్రం చేతులు మారడం కొత్త కాదు. నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా సైట్ ప్రయోగం పేరుతో అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు టెలివిజన్ చూపించారు. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1983 నవంబరు 14న శాంతిస్వరూప్ తొలి తెలుగు వార్తలు చదివారు. ఎదుట అక్షరాలు చూపించే యంత్రం లేని రోజులవి. వార్తను కంఠతా పట్టి, తొణక్కుండా చెప్పేవారాయన. 2024 ఏప్రిల్‌లో ఆయన చనిపోయినప్పుడు ఒక తరం తన చిన్ననాటి సాయంత్రాలను తలుచుకుంది.

ఆ గొంతులో సంయమనం ఉంది, నిజమే. కానీ ఆ కథనంలో కథకుడెవరు? ప్రభుత్వం. ఉద్రిక్తత నెలకొన్నది, కర్ఫ్యూ విధించబడినది, పరిస్థితి అదుపులో ఉన్నది — ఇదీ ఆనాటి వాక్యం. 1990 డిసెంబరు అల్లర్లలో పాతబస్తీలో మనుషులు చనిపోతున్నప్పుడు సర్కారీ వార్తకు తెలిసిన వ్యాకరణం ఇదే. కర్త లేని కర్మణి వాక్యం. ఎవరు చంపారో చెప్పదు, ఎవరు చచ్చారో చెప్పదు. అల్లరి పెరగకూడదనే సదుద్దేశం కొంత ఉండవచ్చు. అయినా ఆ వాక్యంలో జహనుమా మనిషికి చోటు లేదు. అతడు పరిస్థితిలో ఒక భాగం మాత్రమే.

ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి, వాటిమీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం లేదని 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రజల ఆస్తి అన్న మాటను ఎవరు ఎట్లా అర్థం చేసుకున్నారో తర్వాతి చరిత్ర చెబుతుంది. అదే సంవత్సరం జెమిని, ఆగస్టులో ఈటీవీ వచ్చాయి. 2003లో వార్తా ఛానళ్ళలోకి 26 శాతం విదేశీ పెట్టుబడిని అనుమతించారు. 2015లో దాన్ని 49 శాతానికి పెంచారు. 2003 డిసెంబరులో ఈటీవీ2, 2004 జనవరిలో టీవీ9. ఆ తర్వాత 2007లో టీవీ5, ఎన్‌టీవీ. 2009లో హెచ్‌ఎంటీవీ, సాక్షి, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి. ఎన్నికలు, భూముల వ్యాపారం, పత్రికల మధ్య పోటీ, అన్నీ కలిసి ఆ రెండు మూడేళ్ళలో తెలుగు వార్తా ఛానళ్ళను పుట్టగొడుగుల్లా మొలిపించాయి.

ఈ ఛానళ్ళతో కథకుడు మారాడు. కర్త లేని వాక్యం పోయి కేకలు పెట్టే ప్రత్యక్ష సాక్షి వచ్చాడు. తెరమీద ఎర్ర వలయాలు, వెనక సంగీతం, నటులతో వేయించిన సన్నివేశాలు. అయితే ఈ కొత్త సాక్షి ఎక్కడ నిలబడి చూస్తున్నాడు?

2007 మే 18 మధ్యాహ్నాన్ని ఉదాహరణగా తీసుకుందాం. శుక్రవారం నమాజు వేళ మక్కామసీదులో బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. ఆ వెంటనే జరిగిన పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు పోయారు. తర్వాతి నెలల్లో పాతబస్తీ కుర్రాళ్ళను పదులకొద్దీ పట్టుకున్నారు. ఆ రోజుల బులెటిన్ల భాష మనకింకా గుర్తే. మాస్టర్‌మైండ్, స్లీపర్ సెల్, లింకులు. సాహిత్య విద్యార్థి ఇక్కడ ఒక చిన్న విషయం గమనించాలి. పోలీసులు తెలిపారు, పోలీసుల కథనం ప్రకారం అన్న మాటలు వాక్యాల చివరినుంచి మెల్లగా జారిపోయాయి. అవి జారిపోగానే పోలీసు చెప్పిన మాట కథకుడి సొంత మాటగా నిలబడిపోయింది. నవల్లో ఒక పాత్ర అభిప్రాయాన్ని రచయిత తన గొంతుతో చెబితే మనం దాన్ని లోపమంటాం. వార్తలో అదే జరిగితే ఒక కుర్రాడి బతుకు బుగ్గవుతుంది.

ఆ కుర్రాళ్ళు కోర్టుల్లో నిర్దోషులుగా బయటికి వచ్చారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాళ్ళకు నష్టపరిహారం కూడా ఇచ్చింది. ఆ చెల్లింపును 2013లో హైకోర్టు కొట్టేసింది. దర్యాప్తు మరో దిక్కుకు తిరిగి, వేరే నిందితులమీద కేసు నడిచి, 2018 ఏప్రిల్ 16న వాళ్ళనూ కోర్టు నిర్దోషులని విడిచిపెట్టింది. పద్నాలుగు మంది చావుకు ఇవాళ్టికీ బాధ్యుడు లేడు. ఒక నవలాకారుడికి ఇంతకంటే పెద్ద వస్తువు ఏం కావాలి? వార్తా ఛానళ్ళకు మాత్రం అరెస్టు ఒక కథ, విడుదల ఒక పట్టీ. అరెస్టు చేసే చోట కెమెరా ఉంటుంది. విడుదలైనవాడు తిరిగొచ్చి పనికోసం వెతుక్కునే గల్లీలో ఉండదు.

ఇది ఒక యజమాని కుట్ర అని చెప్పి ఊరుకోగలమా? వేర్వేరు యజమానులున్న ఛానళ్ళు ఒకే వాక్యం చెప్పాయి. ఒకరితో ఒకరు కొట్లాడుకునే పార్టీల ఛానళ్ళు సైతం పాతబస్తీ దగ్గరికి వచ్చేసరికి ఒకే గొంతుతో మాట్లాడతాయి. కాబట్టి యాజమాన్యం కాక మరొకటేదో ఉంది.

అసలు యజమానులు మారినప్పుడు ఏం మారిందో చూద్దాం. 2018లో టీవీ9 మాతృసంస్థలో 90 శాతానికి పైగా వాటా అలంద మీడియా అనే కంపెనీకి చేరింది. 2019 మే నెలలో దాని వ్యవస్థాపక సారథి రవిప్రకాష్‌ను పదవి నుంచి తొలగించారు. నిర్మాణ రంగపు డబ్బు వార్తారంగంలోకి వచ్చిందని అప్పట్లో చాలా చర్చ జరిగింది. చర్చ సరైనదే. దేశమంతటా ఇదే నడక. 2022 డిసెంబరుకల్లా ఎన్‌డీటీవీ అదానీ సంస్థ చేతికి వెళ్ళింది. రవీష్ కుమార్ అంతకు ముందే నవంబరు 30న రాజీనామా చేశాడు. మన ఊళ్ళో ఇంకో రకం పాఠం కూడా జరిగింది. 2014 జూన్‌లో, కొత్త రాష్ట్రం పుట్టిన రెండు వారాలకే, తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ప్రసారాలు ఆపేశారు. శాసనసభ్యులనూ తెలంగాణ మాటనూ అవమానించే కార్యక్రమం వచ్చిందని అందరికీ కోపం. ఆ కోపం న్యాయమైనదే. కానీ నచ్చని గొంతును తీగ దగ్గర నొక్కేయవచ్చునని ఆ రోజు రుజువైంది. యజమాని ఒక్కడే కాదు, ఇంటిదాకా తీగ లాగేవాడు కూడా వార్తకు యజమానే.

ఇక మన సొంత అనుభవం. 10టీవీ సంగతి మాట్లాడకుండా ఈ పత్రికలో యాజమాన్యం గురించి రాయడం నిజాయితీ కాదు. 2013లో ఉద్యోగులు, ఉపాధ్యాయులు, కార్మికులు, రైతులు తలా కొంత వేసుకున్న చిన్న వాటాలతో, వామపక్ష ఉద్యమం చొరవతో ఆ ఛానల్ మొదలైంది. 2018లో వ్యాపారుల చేతుల్లోకి పోయింది. అమ్మక తప్పని నష్టాలు వచ్చి ఉండవచ్చు. ఛానల్ నడపడమంటే ఉపగ్రహానికీ, కేబుల్‌కూ నెలనెలా కప్పం కట్టడం. నా ప్రశ్న అమ్మకం గురించి కాదు. ప్రజల డబ్బుతో నడిచిన ఆ ఐదేళ్ళలో తెరమీది వార్త రూపం ఎంత మారింది? వస్తువులో తేడా ఉంది. సమ్మెలు, ధర్నాలు, పల్లెల పాటలు కనిపించాయి. రూపం మాత్రం మార్కెట్‌లో దొరికేదే తెచ్చుకున్నాం. అదే బ్రేకింగ్ పట్టీ, అదే నలుగురిని కూర్చోబెట్టి అరిపించే చర్చ. కొత్త సారానికి పాత రూపం సరిపోదని సాహిత్యంలో పదేపదే చెప్పిన మనం ఇక్కడ ఆ మాట మరిచాం. యాజమాన్యం ప్రజలదైనంత మాత్రాన కథకుడు ప్రజలవాడు కాడని మనకు మనమే చూపించుకున్నాం.

అయితే కథకుణ్ణి నిర్ణయించేది ఏమిటి? దీనికి జవాబు చెప్పగలిగిన ఉదాహరణ హైదరాబాదులోనే ఉంది. 2001లో రామోజీ ఫిల్మ్ సిటీ నుంచి ఈటీవీ ఉర్దూ మొదలైంది. రెండేళ్ళ తర్వాత అదే ఆవరణ నుంచి ఈటీవీ2 వచ్చింది. యజమాని ఒకరే, ఆవరణ ఒకటే. కానీ రెండు తెరలమీద రెండు పాతబస్తీలు కనిపించేవి. తెలుగు తెరమీద పాతబస్తీ అంటే ఎక్కువగా నేరం, ఊరేగింపు, బందోబస్తు. ఉర్దూ తెరమీద ముషాయిరా ఉంది, బడి ఫలితాలున్నాయి, వక్ఫ్ భూముల తగాదా ఉంది, నీళ్ళు రాని బస్తీ ఉంది. ఉర్దూ ఛానల్ గొప్ప విప్లవకరమైనదని నేను అనడం లేదు. మతపెద్దల పట్ల దానికీ మొహమాటాలుండేవి. నేను చెప్పేది ఇంతే: యజమాని ఒక్కడే అయినా, రాసేవాళ్ళూ చదివేవాళ్ళూ ఆ భాషలోంచి వచ్చినవాళ్ళయినప్పుడు చూపు మారింది. జహనుమాలో ఆ ఛానల్ చూసిన మనిషి తన ఊరిని పోల్చుకోగలిగాడు.

ఇప్పుడు దాని గతి చూడండి. 2012 జనవరిలో ప్రకటించి 2014లో పూర్తిచేసిన ఒప్పందంతో ఈటీవీ ప్రాంతీయ ఛానళ్ళు చాలావరకు నెట్‌వర్క్18 గొడుగు కిందికి వెళ్ళాయి. తెలుగు ఛానళ్ళలో మాత్రం వాళ్ళు తీసుకున్నది 24.5 శాతమే. అదే 2014లో నెట్‌వర్క్18 రిలయన్స్ అధీనంలోకి వచ్చింది. 2018లో ఈటీవీ ఉర్దూ పేరు న్యూస్18 ఉర్దూ అయింది. ఆ తర్వాత అది జమ్మూకశ్మీర్, లడఖ్, హిమాచల్ ప్రాంతాల ఛానల్‌గా మారిపోయింది. హైదరాబాదులో పుట్టిన ఉర్దూ ఛానల్ హైదరాబాదుకు కాకుండా పోయింది. దీనికి ఎవరూ సంతాపసభ పెట్టలేదు. ఒక భాష తెరమీంచి దిగిపోవడం వ్యాపార పత్రికల్లో పేరు మార్పుగా నమోదైంది. యజమాని మార్పు అసలు దెబ్బ కొట్టేది ఇక్కడ: సిబ్బంది మీద, భాష మీద.

సిబ్బందికి ఆ దెబ్బ కాచుకునే డాలు లేదు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పత్రికల వాళ్ళకూ, వార్తా సంస్థల వాళ్ళకూ వర్తించింది. వేజ్ బోర్డులు వాళ్ళకే వచ్చాయి. 2011లో అమలుకు ప్రకటించిన మజీఠియా బోర్డు సిఫార్సులు కూడా వాళ్ళకే. టెలివిజన్ విలేకరి ఆ లెక్కలో లేడు. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రతా కోడ్ ఎలక్ట్రానిక్ మాధ్యమాన్ని నిర్వచనంలో చేర్చింది గానీ, 1955 చట్టాన్నే రద్దు చేసింది. కొత్త కోడ్‌లో వేజ్ బోర్డుకు చోటు లేదు. డెస్క్‌లో ఉన్నవాడిది కాంట్రాక్టు, బస్తీలో తిరిగేవాడు స్ట్రింగర్. వార్తకింత అని ఇస్తారు, లేకపోతే అదీ లేదు. గుర్తింపు కార్డే జీతం. అటువంటివాడు పోలీస్ స్టేషన్‌తో తగువు పెట్టుకుని విడుదలైన కుర్రాడి కథ రాయగలడా? అతని రోజువారీ వార్త స్టేషన్ దయమీదనే వస్తుంది. పోలీసు చెప్పిన మాట కథకుడి గొంతు కావడానికి ఇదీ భౌతిక పునాది. విలేకరి మనసులోని ద్వేషం కంటే విలేకరి బతుకులోని అభద్రత ఎక్కువ వార్తలు రాస్తోంది.

భాష విషయంలో తెలంగాణ అనుభవం కూడా ఆలోచించదగ్గది. 2012లో వచ్చిన వీ6 తీన్మార్ వార్తలతో, ఇన్నేళ్ళూ సినిమాలో రౌడీకీ, పనిమనిషికీ మాత్రమే ఇచ్చిన యాసను వార్త చదివే కుర్చీలో కూర్చోబెట్టింది. అది చిన్న విజయం కాదు. ఊళ్ళలో ముసలివాళ్ళు తమ మాట తెరమీద విని మురిసిపోయారు. కానీ గంటగంటకూ వచ్చే అసలు బులెటిన్ భాష మారలేదు. యాస నవ్వుల అరగంటకు పరిమితమైంది. బిత్తిరి సత్తి పాత్రతో పేరు తెచ్చుకున్న నటుడు వీ6 నుంచి టీవీ9కి, అక్కడినుంచి సాక్షికి వెళ్ళాడు. మెరుగైన జీతం కోసం ఎవరైనా వెళతారు, దానికి అతన్ని తప్పు పట్టలేం. ఛానళ్ళు కొనుక్కున్నది ఆ నటుణ్ణి, ఆ భాషను కాదు. ఇక దక్కనీకి ఆ నవ్వుల అరగంట కూడా తెలుగు తెరమీద దక్కలేదు. తెలుగు వార్తల్లో పాతబస్తీ మనిషి నోరు తెరిస్తే అతని గొంతును తగ్గించి, పైన మరొకరి గొంతు వేస్తారు.

సాహిత్యం ఈ ప్రశ్నను ముందే ఎదుర్కొంది. నెల్లూరి కేశవస్వామి పాతబస్తీ మనుషులను ప్రేమతో రాశాడు. ఆయన రాసిన దానికి విలువ ఎప్పటికీ ఉంటుంది. అయినా ముస్లిం జీవితం ముస్లింల గొంతులోనే రావాలన్న కోరిక అంతటితో తీరలేదు. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో ‘జల్జలా’ కవితా సంకలనం, 2004లో ‘వతన్’ కథల సంకలనం వచ్చాయి. కథావస్తువుగా ఉన్నవాడు కథకుడయ్యాడు. దాంతో తెలుగు కథ నుడికారమే కొంత మారింది. అమ్మీ, అబ్బా, దస్తర్‌ఖాన్ అన్న మాటలు వివరణ అడక్కుండా వాక్యంలో కూర్చున్నాయి. ‘వతన్’ వచ్చిన 2004లోనే టీవీ9 కూడా వచ్చింది. అచ్చులో ఒక సమాజం తన కథ తాను చెప్పుకోవడం మొదలుపెట్టిన ఏడాదే తెరమీద దాని కథను ఇతరులు కేకలతో చెప్పడం మొదలైంది. మనం మొదటిదాని గురించి వ్యాసాలు రాశాం. రెండోదాన్ని చూస్తూ కూర్చున్నాం.

బస్తీ మాత్రం చూస్తూ కూర్చోలేదు. 4టీవీ వంటి స్థానిక ఉర్దూ ఛానళ్ళు ఉన్నాయి. ఇప్పుడు ఫోను చేతబట్టుకున్న కుర్రాళ్ళు గల్లీకొకరు. 2020 అక్టోబరు వరదల్లో ఫలక్‌నుమా దగ్గర అల్‌జుబైల్ కాలనీ మునిగినప్పుడు పెద్ద ఛానళ్ళు పడవల దృశ్యాలు చూపించాయి. బస్తీ కుర్రాళ్ళు ఏ ఇంట్లో ఎవరు చిక్కుకున్నారో, ఏ నాలా ఎక్కడ పూడుకుపోయిందో, గల్లీ పేరుతో సహా చెప్పారు. చెరువులో కాలనీ ఎట్లా లేచిందన్న ప్రశ్న కూడా అక్కడే వినిపించింది. అయితే వీటిని చూసి మురిసిపోవడం కూడా పొరపాటే. స్థానిక నాయకుడి విందులు, శంకుస్థాపనలు, పొగడ్తలు వీటికి తిండి పెడుతున్నాయి. ఆడగొంతు అరుదు. పెద్ద ఛానళ్ళ కేకనూ, వెనక సంగీతాన్నీ వీళ్ళూ నేర్చుకుంటున్నారు. బస్తీవాడు మైకు పట్టుకోగానే బస్తీ కథకుడు పుట్టడు. కథనం చేతికి రావాలంటే నేర్పు, తీరిక, నిలకడైన జీతం కావాలి.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఇది. ఛానల్ ఎవరిది అని అడగడం మానకూడదు. దాంతోపాటు ఇంకో మూడు ప్రశ్నలు అడగాలి. ఈ వాక్యానికి కర్త ఎవరు? ఈ మాట ఎవరు చెబితే వచ్చింది? ఇది రాసినవాడు రేపు కూడా ఉద్యోగంలో ఉంటాడా? సాహిత్య విద్యార్థులు ఒక వారం రోజులు ఏదో ఒక తెలుగు బులెటిన్‌ను కాగితం, కలం పట్టుకుని చూడండి. పాతబస్తీ మాట వచ్చినప్పుడల్లా రాసుకోండి. ఎంతమందికి పేరుంది, ఎంతమంది కేవలం యువకులు, స్థానికులు, ఒక వర్గం వారు? ఎంతమంది గొంతు వినిపించింది? నవలలో దృష్టికోణం గురించి క్లాసులో నేర్చుకున్నదానికి ఇంతకంటే మంచి పరీక్ష దొరకదు.

రచయితల సంఘాలు చేయగలిగిన పనీ ఉంది. ఫోన్లు పట్టుకుని తిరిగే ఆ కుర్రాళ్ళను మన కథా కార్యశాలలకు పిలుద్దాం. వాళ్ళతో పాటు వాళ్ళ చెల్లెళ్ళను కూడా. వాళ్ళకు మనం వాక్యం నేర్పవచ్చు; వాళ్ళ దగ్గర మనం గల్లీ పేర్లు నేర్చుకోవచ్చు. స్ట్రింగర్ల జీతాల గురించి విలేకరుల సంఘాలు మాట్లాడినప్పుడు అది వాళ్ళ గొడవ అనుకోకుండా మనం పక్కన నిలబడాలి, ఎందుకంటే అది కథనం గొడవ కూడా.

హోటల్లోంచి బయటికి వస్తుంటే, ఆ పెద్దమనిషి పక్కన కూర్చున్న కుర్రాడు ఫోనులో ఏదో తీసినదాన్ని కత్తిరించి అతుకుతున్నాడు. ఏమిటని అడిగాను. గల్లీలో నాలుగు రోజులుగా నల్లా నీళ్ళు మురికిగా వస్తున్నాయట. ఎవరి మాటలు తీశావు అన్నాను. కార్పొరేటర్‌వి అన్నాడు. నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళవి తీయలేదా అన్నాను. కాసేపు ఆలోచించి, బిందెల దగ్గరికి వెళ్ళాలంటే పొద్దున్నే లేవాలి అన్నాడు. మర్నాడు లేచాడో లేదో నాకు తెలియదు.